తల ఉంచే మడి

ఆ షెడ్డులో పూటకి వేల తలలు తెగుతాయి. ఇంతవరకు ఒక్క పోలీసు కేసు కూడా లేదు. తెగేవి చామంతి మొగ్గల తలలు, తెంచేవి ఆడవాళ్ళ బొటనవేళ్ళు. గోరు కింద చేరిన పసరు సాయంత్రానికి నల్లబడి, సబ్బుకి లొంగకుండా మర్నాడు మళ్ళీ పనికి తయారైపోతుంది. బజార్లో బేరమాడుతున్న చెయ్యి చూసే చెప్పెయ్యొచ్చు, ఈవిడ చామంతుల షెడ్డు మనిషని.

అక్కడ పెంచేవి రెండు రకాలు. ఒంటిపూల చామంతికి కాడ చివరనున్న పెద్ద మొగ్గని ఉంచి, దాని కింద కణుపుకొకటిగా పుట్టిన పిల్లమొగ్గలన్నిటినీ గిల్లెయ్యాలి. అప్పుడు మొక్క తిన్నదంతా ఆ ఒక్కదానికే పోయి సాసరంత పువ్వవుతుంది. గుత్తి చామంతికి దీన్ని సరిగ్గా తిరగెయ్యాలి. నడినెత్తి మొగ్గని గిల్లేసి, పిల్లమొగ్గల్ని వదిలెయ్యాలి. అవన్నీ ఒకే ఎత్తున, ఒకేసారి విచ్చుకుంటాయి. మొదటి దాంట్లో పెద్దాయన పెత్తనం, రెండో దాంట్లో ఉమ్మడి కాపురం. పాతవాళ్ళు ఆకు చీలిక చూసి ఏది ఏదో పోల్చుకుంటారు గాని, కొత్తవాళ్ళ కంటికి రెండూ ఒకటే.

అందుకే మడి మారేటప్పుడు మేస్త్రమ్మ కేక వేస్తుంది. ఒంటిపూల మడయితే "తల ఉంచూ!" గుత్తిపూల మడయితే "తల తియ్యీ!" మడికి అటూ ఇటూ జంటలుగా నిలబడ్డవాళ్ళంతా ఆ మాటని తిరిగి పలకాలి. మళ్ళీ కేక పడేదాకా పాత కేకే చట్టం. మేస్త్రమ్మ గొంతు కూడా చట్టానికి తగ్గట్టే ఉండేది. ఆవిడ కేకకి షెడ్డు పైకప్పు ప్లాస్టిక్కు కూడా "ఊఁ" కొడుతుందని చెప్పుకునేవాళ్ళు.

ఆకురాలే కాలం దగ్గరపడింది. ఆ కాలంలో చెట్లకి ఆకులు రాలితే పూలకొట్లకి డబ్బులు రాలతాయి. ఇటుకరంగు, కుంకుడురంగు, ముదురు పసుపు - ఎండాకాలమంతా ఎవరూ కన్నెత్తి చూడని రంగులకి ఒక్కసారిగా గిరాకీ. డాలియాలు, పొద్దుతిరుగుళ్ళు, ఎర్రటి సీతమ్మజడలు, ఎండుగడ్డి వెన్నులు అన్నీ కలిపి గంపల్లో అమరుస్తారు. ఎన్ని చేర్చినా గంప నడుమ మాత్రం ఒంటిపూల చామంతే ఉండాలి. చామంతి తిక్క పువ్వు. పగలు కురచబడి రాత్రి పొడుగైతే తప్ప మొగ్గ తొడగదు. దాన్ని మోసం చెయ్యడానికి ఇంకా ఎండ ఉండగానే మడుల మీదికి నల్ల పరదాలు లాగుతారు. మొక్క పాపం రాత్రయిందనుకుంటుంది. అలా కొన్ని వారాలు దొంగ రాత్రులు చూపించి రాబట్టిన మొగ్గలవి. ఒకసారి పోతే ఆ ఏటికి పోయినట్టే.

ఓనరుగారు ఏడో మడి దగ్గర ఆగిపోయినప్పుడు మేస్త్రమ్మ షెడ్డు రెండో చివర, పని పడే మడులకి గుర్తుగా కర్రలకి రిబ్బన్లు కడుతోంది. ఆయన నడుస్తూ నడుస్తూ ఆగితే మంచి శకునం కాదు. వేలి వెనకభాగంతో మొగ్గని తాకే అలవాటాయనకి. ఆ వేలు గాల్లోనే ఉండిపోయింది.

"మేస్త్రమ్మా, ఒకసారిలా రా."

ఆవిడ వెళ్ళింది. మడికి కుడివైపు మొక్కలన్నీ నిటారుగా, శెనగగింజంత మొగ్గని నెత్తిన పెట్టుకుని ఉన్నాయి. ఎడమవైపు, తలుపు దగ్గర్నుంచి సగం దాకా, ఒక్క కాడకీ తల లేదు. తల ఉండాల్సినచోట గోటి గుర్తు, ఎండిపోయి గోధుమరంగు చుక్కలా ఉంది. దాని చుట్టూ పిల్లమొగ్గలు, పంతులు లేని తరగతిలో పిల్లల్లా, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఇదే మడి?"

"ఒంటిపూలది సార్."

"ఎప్పుడు గిల్లారు?"

"మొన్న మధ్యాహ్నం, భోజనాలయ్యాక."

"ఇటువైపు, ఈ సగం ఎవరు గిల్లారు?"

ఆవిడ చెప్పనక్కర్లేకపోయింది. పక్క మడి దగ్గరున్న వాళ్ళ తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. అక్కడ నిలబడ్డది మేస్త్రమ్మ తోడికోడలు, వాళ్ళింటి చిన్నకోడలు. సీజను మొదట్లో పనిలో చేరింది. చేర్పించింది మేస్త్రమ్మే. చిన్నకోడలి మొగుడికి రేడియోలు బాగుచేసే కొట్టుండేది. ఊళ్ళో రేడియోలు పాడవడం మానేశాయి, అసలు రేడియోలే మానేశాయి, కొట్టు మూతపడింది. ఇప్పుడు ఆ వాటాలో పొయ్యి వెలిగించేది ఈ అమ్మాయి బొటనవేలే.

ఓనరుగారు అరవలేదు. అరిస్తే బాగుండుననిపించేంత మెల్లగా అడిగారు.

"కేక వేశావా మేస్త్రమ్మా?"

"వేశాను సార్."

ఆ మాట మనసుని అడక్కుండానే నోట్లోంచి వచ్చేసింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి వేరే జవాబు ఎప్పుడూ లేదు మరి.

"వేసింది సార్!" అని పక్క మడి నుంచి గంటమ్మ మోగింది. ఆ షెడ్డులో అందరికన్నా పాత మనిషి, మేస్త్రమ్మ తర్వాత అందరికన్నా పెద్ద గొంతు ఆవిడదే. "తల ఉంచూ అంది. అందరికన్నా ముందు పలికింది నేనే."

"నేనూ పలికాను." "నేనూను సార్." ఒకరి వెనక ఒకరు. ఎవరి మొహంలోనూ అబద్ధం లేదు.

చిన్నకోడలు చేతులు పమిటకి తుడుచుకుంది. "నాకు వినపడలేదు సార్. పొద్దున్న తల తియ్యమన్నారు. మళ్ళీ కేక పడలేదని అదే చేశాను."

"చెవులున్నాయా?"

"ఉన్నాయి సార్."

వెనకెవరో కిసుక్కుమన్నారు. ఓనరుగారు మడి చివరిదాకా ఒకసారి చూశారు. "పెద్ద హాలు అలంకరణకి ఒప్పుకున్న పూలివి. వాళ్ళకి ఏం చెప్పను? కొత్తమ్మాయి తల తీసేసిందని చెప్పనా?" కుళాయి వైపు చూపించి, "ఈ వారాంతం దాకా బకెట్లు కడగనీ. తర్వాత చూద్దాం" అన్నారు.

ఓనరుగారి నిఘంటువులో "చూద్దాం" అంటే ఇక మొహం చూడనని అర్థం. అది చిన్నకోడలికి కూడా తెలుసు. కుళాయి వైపు నడిచింది.

మేస్త్రమ్మ మళ్ళీ రిబ్బన్ల దగ్గరికి వచ్చింది. ముడి వెయ్యబోతే వేళ్ళు ముడిపడ్డాయి. మొన్న మధ్యాహ్నం... భోజనాలయ్యాయి. అందరూ గుత్తిపూల మడి వదిలి ఏడో మడికి వస్తున్నారు. అప్పుడే ఓనరుగారు తలుపు దగ్గరికి పిలిచారు. "రెండో షెడ్డు కూడా నీ చేతికే ఇద్దామనుకుంటున్నాను మేస్త్రమ్మా. నీ పనికి వంక పెట్టేవాడు లేడు" అన్నారు. ఆ మాట నెత్తికెక్కింది. నెత్తిన పెట్టుకునే తిరిగొచ్చింది. తిరిగొచ్చేసరికి గంటమ్మ ఏదో హాస్యమాడుతోంది, అందరూ నవ్వుతూ గిల్లుతున్నారు. రెండో షెడ్డులో మడులు ఎటునుంచి ఎటు వెయ్యాలా అని ఆలోచిస్తూ నిలబడ్డది గుర్తుంది. ఊపిరి పీల్చింది గుర్తుంది. కేక మాత్రం గుర్తు లేదు.

వేసే ఉంటాను, అనుకుంది. అంతమంది వినలేదూ!

సాయంత్రం బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. రోజూ కూర్చునేదే, ఆవేళ మాత్రం సీటు ఇరుకైంది. చిన్నకోడలు కిటికీలోంచి చూస్తోంది. చేతులు నీళ్ళలో నాని ముడతలు పడ్డాయి.

"అక్కా, ఒకటడగనా?"

మేస్త్రమ్మ గుండె లబ్బుడబ్బు మానేసి డబ్బుడబ్బు మొదలెట్టింది. "అడుగు."

"మా నాన్నకి చివర్లో చెవుడొచ్చింది. నాకూ వస్తోందంటావా?"

ఇది కాదు ఆవిడ ఎదురుచూసిన ప్రశ్న. 'నువ్వు నిజంగా కేక వేశావా' అని అడిగితే ఏం చెప్పాలో నాలుగు స్టాపుల నుంచి కూడబలుక్కుంటోంది. ఆ పిల్లకి ఆ అనుమానమే రాలేదు. తన చెవుల మీద వచ్చింది.

"ఛ, నీకేం చెవుడు! చిన్నపిల్లవి."

"మరి అందరికీ వినపడ్డది నాకెందుకు వినపడలేదు?"

"పనిలో గోల కదే. ఒక్కోసారి... వినపడదులే." అనేశాక ఆ మాట తిరిగి మింగెయ్యాలనిపించింది. చిన్నకోడలు తల ఊపి, కుడిచెవిలో చిటికెనవేలు పెట్టి కాసేపు తిప్పింది. తర్వాత ఎడమచెవిలో.

ఇంటికొచ్చేసరికి మేస్త్రమ్మ మొగుడు వ్యాను కడిగి, నీళ్ళోడుతున్న చేతుల్తోనే టీ తాగుతున్నాడు. షెడ్డు పూలని బజారుకి చేరవేసే వ్యాను ఆయనది. మాటలకి బ్రేకులుండవు గాని వ్యానుకుంటాయి.

"ఏవిటోయ్, మీ షెడ్డులో తలలు పోయాయట? ప్యాకింగు వాళ్ళంతా తల పట్టుకుని కూర్చున్నారు. పట్టుకోడానికి వాళ్ళకైనా మిగిలాయి, నయమే!"

ఆవిడ నవ్వలేదు.

"నవ్వవేం? బాలేదా?"

"బాలేదు."

"జోకా, ఒళ్ళా?"

"రెండూను. మీరు కాసేపు ఊరుకోండి."

ఆయన ఊరుకున్నాడు. అంత తేలిగ్గా ఊరుకున్నందుకు కూడా ఆవిడకి భయమేసింది. గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వంటింటి కిటికీలోంచి పక్క వాటా పెరడు కనిపిస్తుంది. రెండు వాటాలకీ మధ్య నడుం ఎత్తు గోడ ఒకటే.

చిన్నకోడలు తమ ఇంటి గోడవైపు మొహం పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది. మరిది ఆవిడ వెనక, నాలుగడుగుల దూరంలో ఉన్నాడు.

"గడియారం," అన్నాడు మామూలు గొంతుతో.

"గడియారం."

ఒకడుగు వెనక్కి వేశాడు. "మేనమామ." ఇంకా మెల్లగా.

"మేనమామ."

మరిది బట్టలుతికే బండ దాకా వెనక్కి వెళ్ళాడు. పెదవులు మాత్రమే కదిపినట్టు అన్నాడు. "నువ్వంటే నాకు భయం."

"ఆఁ! ఏదీ, మళ్ళీ అను!" చిన్నకోడలు వెనక్కి తిరక్కుండానే నవ్వింది. ఆ రోజుకదే మొదటి నవ్వు. మరిది నవ్వలేదు. జేబులోంచి చిన్న స్క్రూ ఒకటి తీసి, నేలమీదికి జారవిడిచాడు. మేస్త్రమ్మకి కిటికీలోంచి ఆ చప్పుడు వినపడలేదు.

"ఏదో పడేశావు. ఇనపముక్క," అంది చిన్నకోడలు.

"చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయే నీకు! నా రేడియోలకి ఇలాంటి చెవి ఒక్కటున్నా కొట్టు మూసేవాణ్ణి కాదు."

"మరి అక్క కేక ఎందుకు వినపడలేదు? అక్క అరిస్తే వీధి చివర కుక్క లేస్తుంది."

మరిది బుర్ర గోక్కున్నాడు. రేడియో మెకానిక్కు కదా, జబ్బుని కూడా స్టేషన్ల లెక్కలోనే ఆలోచిస్తాడు. "చిన్న చప్పుళ్ళు పట్టి, పెద్ద చప్పుడు వదిలేసే జబ్బేదైనా ఉందేమో. ఒక్కో సెట్టు అలాగే చేస్తుంది. రేపు చెవి డాక్టరు దగ్గర చీటీ రాయించుకొస్తాలే. భయపడకు."

"బయట ఇంకెవరికీ చెప్పకు. చెవిటిదంటే ఇంకెక్కడా పనివ్వరు."

మేస్త్రమ్మ చేతిలో గ్లాసు ఎంతసేపటి నుంచి కుళాయి కింద ఉందో, నీళ్ళు పొర్లి చీర కుచ్చిళ్ళు తడిశాక గాని తెలియలేదు.

ఆ తర్వాతి రెండురోజులూ ఆవిడ కేక వేసినప్పుడల్లా ఉలిక్కిపడింది. "తల తియ్యీ!" అని అరిచి, అరిచానా లేదా అని అనుమానంతో మళ్ళీ అరిచేది. "విన్నాం మేస్త్రమ్మా, మాకేం చెవుడా!" అని గంటమ్మ విసుక్కుని, కుళాయి వైపు చూసి నాలిక్కరుచుకుంది.

కుళాయి దగ్గర చిన్నకోడలు బకెట్లు తోముతోంది. పూలబకెట్లు తోమడం మామూలు తోముడు కాదు. అడుగున జిగురు పొర ఉంటే కోసిన పువ్వు పూట తిరక్కుండా మెడ వాల్చేస్తుంది. వేళ్ళతో లోపల తడిమి, కీచుమని చప్పుడొచ్చేదాకా రుద్దాలి. కోత వాళ్ళు డాలియాలు తెచ్చి దింపుతున్నారు. డాలియాని మొగ్గమీద కోస్తే మొగ్గగానే పోతుంది, అది పూర్తిగా విచ్చాకే కోస్తారు. పొద్దుతిరుగుళ్ళు బరువైన మొహాలతో పక్కవాటి భుజాల మీద వాలి ఉన్నాయి. ఆ రంగులన్నిటి మధ్యా చిన్నకోడలు ఒక్కో బకెట్టు రుద్ది, చెవి దగ్గర పెట్టుకుని, వేలితో కీచుమనిపించి వినేది. బకెట్టు శుభ్రమైందో లేదో తెలుసుకోడానికి కాదని మేస్త్రమ్మకి ఒక్కర్తికే తెలుసు.

మర్నాడు వారాంతం. ఏం చెయ్యాలో ఆవిడకి ఆ పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే తోచింది. మంచి ఉద్దేశంతో తోచలేదు, భయంతో తోచింది. కేక వెయ్యకుండా ఊరుకుందాం. మడి మారుద్దాం. కేక లేదని వాళ్ళు కనిపెట్టి అడుగుతారు. అడిగితే వాళ్ళ చెవులు గట్టివన్నమాట. వాళ్ళ చెవులు గట్టివైతే ఆ రోజు వాళ్ళు చెప్పిన సాక్ష్యమూ గట్టిదే. అంటే నేను కేక వేశాను. చిన్నదాని చెవుల సంగతి డాక్టరు చూసుకుంటాడు. ఈ లెక్క ఆవిడకి ఎంత నచ్చిందంటే, బస్సెక్కేదాకా రెండోసారి తప్పు చూసుకోలేదు.

పదకొండో మడి గుత్తిపూలది. అది అయిపోయింది. పన్నెండోది ఒంటిపూలది. జంటలు అటూ ఇటూ సర్దుకుంటున్నాయి. మేస్త్రమ్మ పన్నెండో మడి కర్రకి ఎర్ర రిబ్బను కట్టింది. నోరు గట్టిగా మూసుకుంది. పెదవులు నొప్పెట్టేంత గట్టిగా.

అడగండే. ఎవరైనా ఒక్కరు అడగండే.

గంటమ్మ మొదటి మొక్కని ఎడంచేత్తో పట్టుకుంది. ఆకు చూసింది. బొటనవేలు నెత్తి మొగ్గని వదిలేసి, కిందికి జారి, మొదటి పిల్లమొగ్గని టక్కుమనిపించింది. ఆవిడ ఎదురుగా ఉన్న మనిషి బొటనవేలూ జారింది. అన్ని బొటనవేళ్ళూ జారాయి. టక్, టక్, టక్. ఎవరో నిన్న చూసిన పెళ్ళిచూపుల కబురు మొదలెట్టారు. తప్పు ఒక్క మొక్కకీ జరగలేదు. ఎవరూ తల ఎత్తలేదు.

మేస్త్రమ్మ కర్ర వదిలి వాళ్ళ దగ్గరికి వచ్చింది.

"ఆగండి," అంది. "కేక విన్నారా?"

"విన్నాం!"

"ఏమని వేశాను?"

"తల ఉంచమని!" నలుగురైదుగురు ఒకేసారి.

"ఎప్పుడు?"

"ఇప్పుడేగా!" గంటమ్మ నడుం మీద చెయ్యేసింది. "నేను పలికాను కూడాను. ఏంటి మేస్త్రమ్మా, తల ఉంచమని మాకు చెప్పి నీది ఎక్కడో పెట్టి మర్చిపోయావా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో కుళాయి కట్టేసిన చప్పుడు ఎవరూ గమనించలేదు.

"నువ్వు వెయ్యలేదక్కా."

చిన్నకోడలు తడి బకెట్టు పొట్టకి ఆనించుకుని నిలబడింది. అరవలేదు. షెడ్డు ఆ చివర్నుంచి మామూలుగానే అంది, అయినా ప్రతి అక్షరం వచ్చి తగిలింది.

"నీకెలా తెలుస్తుందే అంత దూరం నుంచి?" అంది గంటమ్మ.

"వింటున్నాను పిన్నీ. మూడురోజుల్నుంచి ఇంకేం పని లేదు నాకు. అక్క ప్రతి కేకా వింటున్నాను. ఇప్పుడేమీ వినపడలేదు."

గంటమ్మ మేస్త్రమ్మ వైపు తిరిగింది. కసురుకోమని, ఆ పిల్లకి నిజంగానే చెవుడని చెప్పమని అడుగుతున్నట్టు చూసింది. మేస్త్రమ్మ చేతిలోని రిబ్బన్ల కట్ట వైపు చూసింది. గంటమ్మ మొహంలో నవ్వు మెల్లగా, అంచుల్నుంచి వాడిపోయింది.

"నేను పలికానే," అంది, ఎవరితోనూ కాకుండా. "నా గొంతు నాకే వినపడిందే."

పెళ్ళిచూపుల కబురు మధ్యలోనే ఆగిపోయింది. ఒకావిడ తన బొటనవేలు తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఇంకా దారి ఉందని మేస్త్రమ్మకి తెలుసు. "మీ అందరికీ పరీక్ష పెట్టానే, అందరూ తప్పారు!" అని పకపకా నవ్వేస్తే సరి. వాళ్ళూ నవ్వుతారు. నోరు తెరిచింది కూడా. నవ్వు రాలేదు.

రిబ్బన్ల కట్ట మడి అంచున పెట్టి, ప్యాకింగు గదికి వెళ్ళింది.

ఓనరుగారు హాలు వాళ్ళకి చూపించడానికి ఒక గుత్తి కడుతున్నారు. నడుమ పెట్టిన ఒంటిపువ్వుని తిప్పి తిప్పి చూస్తున్నారు.

"సార్, ఆ రోజు నేను కేక వెయ్యలేదు."

ఆయన పువ్వు తిప్పడం ఆపలేదు. "అందరూ విన్నామన్నారుగా."

"ఇవాళా విన్నామన్నారు సార్. ఇవాళా వెయ్యలేదు. వాళ్ళు అబద్ధమాడలేదు. రోజూ వినే మాట కదా, లేకపోయినా వినపడిపోతుంది. ఆ పిల్ల కొత్తది. ఉన్నదే వినపడింది."

"నువ్వు వేశానన్నావు."

"అన్నాను సార్."

ఆయన పువ్వుని బకెట్లో పెట్టేశారు. "హాలు వాళ్ళకి కొత్తమ్మాయి తప్పని చెప్పేశాను."

"మళ్ళీ చెప్పండి సార్."

ఆ మాట కొంచెం గట్టిగానే పడింది. ఓనరుగారు తలెత్తారు. కోపమొచ్చిందో, ఆశ్చర్యమేసిందో తెలియలేదు. "రెండో షెడ్డు మాట ఇక మర్చిపో."

"మర్చిపోయాను సార్."

"మర్చిపోడంలో నువ్వు ఘనురాలివేలే." ఆయన నవ్వలేదు. "కేక ఇకనుంచి గంటమ్మ వేస్తుంది. నువ్వు మడిలోకి దిగు. మీ తోడికోడల్ని కూడా దిగమను. ఆ ఏడో మడి మీరిద్దరే చక్కబెట్టండి. ఎన్ని నిలబడితే అన్ని."

ఏడో మడి చక్కబెట్టడం అంటే, తల పోయిన ప్రతి కాడకీ పిల్లమొగ్గల్లో పైకి చూస్తున్న దాన్ని ఒక్కదాన్ని ఎంచి, మిగతావి గిల్లెయ్యడం. ఎంచిన మొగ్గ పక్కనుంచి పుట్టింది కాబట్టి మెడ వంకరగా లేస్తుంది, పువ్వు చిన్నదవుతుంది, నాలుగు రోజులు ఆలస్యంగా విచ్చుకుంటుంది. హాలుకి పనికిరాదు. చిన్న గంపల వాళ్ళెవరైనా తీసుకుంటారేమో.

ఇద్దరూ మడికి చెరోవైపు నిలబడ్డారు. చిన్నకోడలు ఒక్కో మొక్క దగ్గర ఎక్కువసేపే ఆగుతోంది, వేలితో ప్రతి మొగ్గనీ కదిపి చూస్తోంది. మేస్త్రమ్మ ఆ పిల్ల ఏదో ఒకటి అంటుందని చూసింది. పోనీలే అక్కా అంటుందేమో. తిడుతుందేమో. తిట్టినా బాగుండును.

"ఆ రోజు బస్సులో అడిగాను కదా, చెవుడేమోనని," అంది చిన్నకోడలు మొక్క మీంచి చూపు తియ్యకుండా. "అప్పుడు నీకు తెలుసా?"

"తెలియదనుకున్నానే."

"తెలుసా, తెలియదా?"

మేస్త్రమ్మ బొటనవేలు ఒక మొగ్గ మీద ఆగిపోయింది. "తెలుసు."

చిన్నకోడలు తల ఊపింది. ఒక మొక్క పూర్తి చేసింది. రెండోది పూర్తి చేసింది.

"మా ఆయన డాక్టరు దగ్గర చీటీ రాయించుకొచ్చాడు. ఎల్లుండికి. ఇంట్లో ఉన్న రేడియోలన్నీ ఒకేసారి పెట్టి, నాకేది వినపడుతుందో, ఏది వినపడదో రాసుకుంటున్నాడు పాపం. ఆయనకి నువ్వే చెప్పు. నేను చెప్పను."

"చెప్తాను."

"ఇవాళే చెప్పు."

సాయంత్రం బస్సులో చిన్నకోడలు ముందు సీట్లో, గంటమ్మ పక్కన కూర్చుంది.

వీధిలో మొగుడు వ్యాను కడుగుతున్నాడు. ఎదురొచ్చిన ఆవిడ మొహం చూసి, అనబోయిన మాటేదో నోట్లోనే ఉంచుకున్నాడు. ఇంకా వెలుతురుంది. మేస్త్రమ్మ తన గుమ్మం ముందు ఆగలేదు. సంచీ భుజాన ఉండగానే పక్క వాటా తలుపు ముందుకి వెళ్ళి నిలబడింది. లోపల మూడో నాలుగో రేడియోలు ఒకేసారి మోగుతున్నాయి. ఒకటి వార్తలు, ఒకటి పాట, ఒకటి ఉత్త గరగర. చిన్నకోడలు వెనకే వచ్చి, మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటోంది. ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా ఆగింది.

మేస్త్రమ్మ తలుపు తట్టింది.

"ఎవరూ?"

"నేనయ్యా, వదినని."

"రండి వదినా, తీసే ఉంది!"

ఆవిడ లోపలికి వెళ్ళలేకపోయింది. తలుపు సందులోంచి మరిది వీపు కనిపిస్తోంది. బల్ల మీద వంగి, ఏదో తీగ అతుకుతున్నాడు. ఆ వీపుతో అయితే చెప్పగలననిపించింది.

"ఆ రోజు కేక నేను వెయ్యలేదు మరిదీ. దాని చెవులు బానే ఉన్నాయి. అబద్ధమాడింది నేను."

"ఏంటి వదినా? ఈ మోతలో ఏం వినపళ్ళేదు. గట్టిగా చెప్పండి!"

మేస్త్రమ్మ మెట్టు వైపు చూసింది. చిన్నకోడలు తలెత్తలేదు. వింటోంది.

ఆవిడ ఊపిరి పీల్చి మళ్ళీ చెప్పింది. ఈసారి రెండు వాటాలకీ వినపడింది, మేడమీద అద్దెకున్నవాళ్ళకీ వినపడింది, వీధిలో వ్యాను మీద నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆగిపోయింది. లోపల వార్తలు ఆగాయి. తర్వాత పాట ఆగింది. కాసేపటికి ఆ గరగర కూడా.